ఇసుకలో తిప్పడానికి సెకండ్ హ్యాండ్ పికప్ కొంటున్నారా? స్క్రీన్ కాదు, ముందు ఛాసిస్ చూడండి

ఫోన్ల రివ్యూలు రాసే చోట పికప్ ట్రక్ గోల ఏంటి అనుకోకండి. పాత ఫోన్ కొనేటప్పుడు మనం ఏం చూస్తాం? డిస్‌ప్లే పగిలితే మార్చుకోవచ్చు, బ్యాటరీ వీక్ అయితే మార్చుకోవచ్చు. కానీ లోపలికి నీళ్లు వెళ్లి బోర్డ్ తుప్పు పట్టిందని తెలిస్తే సగం ధరకి ఇస్తానన్నా వద్దంటాం. పాత పికప్ కూడా అచ్చం అంతే. ఇంజిన్‌లో ఏ పార్ట్ పోయినా డబ్బులు పెడితే దొరుకుతుంది. ఛాసిస్‌ని తుప్పు తినేస్తే మాత్రం మీరు కొన్నది బండి కాదు, పాత ఇనుము.

మాది వేటపాలెం. రామాపురం బీచ్, చీరాల ఓడరేవు, అలా బాపట్ల దగ్గర సూర్యలంక దాకా తీరమంతా ఇసుకే. ఇదేం థార్ ఎడారి కాదు, దుబాయ్ డ్యూన్స్ అంతకన్నా కాదు. అయినా పొడి ఇసుకలో టైర్ ఎలా దిగబడుతుందో, ఎలా బయటపడుతుందో అక్కడా ఇక్కడా ఒకటే లెక్క. తేడా అల్లా గాలిలోనే ఉంది. ఎడారి లోపల గాలి పొడిగా ఉంటుంది, ఇక్కడ గాలితో పాటు ఉప్పు కూడా వస్తుంది. అందుకే యూట్యూబ్‌లో ఎడారి డ్రైవింగ్ వీడియోలు చూసి నేర్చుకున్నది మన దగ్గర సగమే పనికొస్తుంది.

ఏ బండి?

సెకండ్ హ్యాండ్‌లో ఎక్కువగా కనిపించేది ఇసుజు డీ-మ్యాక్స్ వి-క్రాస్. తయారయ్యేది కూడా మన రాష్ట్రంలోనే, శ్రీసిటీలో. 2016లో వచ్చిన బండికి 2.5 లీటర్ డీజిల్ ఇంజిన్, 134 పీఎస్ పవర్, 320 న్యూటన్ మీటర్ల టార్క్. 2021లో వచ్చిన బీఎస్6 మోడల్‌లో 1.9 లీటర్ ఇంజిన్, 163 పీఎస్. కాగితం మీద కొత్తదే గొప్ప. కానీ బీఎస్6 డీజిల్ బండికి డీపీఎఫ్ ఉంటుంది, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్. హైవే మీద కాసేపు వేడిగా పరిగెడితేనే అది పేరుకున్న మసిని కాల్చుకుంటుంది. ఊళ్లో చిన్న చిన్న ట్రిప్పులు, వారానికోసారి ఇసుకలో పాకడం, ఇదే మీ వాడకం అయితే అది తొందరగా మూసుకుపోతుంది. నా ఓటు బాగా చూసుకున్న పాత 2.5కే.

టాటా జెనాన్, స్కార్పియో గెటవే ఇంకా తక్కువకి దొరుకుతాయి, కాకపోతే వయసైపోయిన బండ్లు. టయోటా హైలక్స్ 2022లోనే వచ్చింది కాబట్టి పాతదైనా రేటు దిగదు. బొలెరో క్యాంపర్ ఫోర్ వీల్ డ్రైవ్ గట్టిదే, కానీ అది పసుపు బోర్డు బండి. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ గొడవ ఎప్పుడూ ఉంటుంది. సరదాకి కొనేవాళ్లకి అంత ఓపిక ఉంటుందా అన్నది మీరే ఆలోచించుకోండి.

కిందకి దూరండి

బండి చూడటానికి వెళ్లినప్పుడు తళతళలాడే పెయింట్, ఆండ్రాయిడ్ స్క్రీన్, ఎల్ఈడీ బార్ ఇవేవీ చూడొద్దు. టార్చ్ ఒకటి, చిన్న సుత్తి ఒకటి పట్టుకుని అడుగుకి దూరండి. పికప్ కింద నిచ్చెన ఆకారంలో ఫ్రేమ్ ఉంటుంది. ఆ పొడవాటి దూలాలు డొల్లగా ఉంటాయి. తడి ఇసుక అందులోకి చేరి, నీళ్లు పోవడానికి పెట్టిన కన్నాలు పూడుకుపోతే తుప్పు లోపలి నుంచి మొదలవుతుంది. బయటికి ఏమీ కనపడదు. సుత్తితో మెల్లగా కొట్టుకుంటూ వెళ్లండి. ఖణేల్‌మంటే మంచిది, బద్దగా డబ్‌మంటే అక్కడ లోహం పల్చబడినట్టు. వెనక లీఫ్ స్ప్రింగ్ బిగించే చోట, బెడ్ బోల్టుల చుట్టూ, స్పేర్ టైర్ పైన ముఖ్యంగా చూడండి.

ఆరేడేళ్ల బండి కింద నల్లగా, ఫ్రెష్‌గా అండర్‌బాడీ కోటింగ్ కనిపిస్తే సంతోషపడకండి. ఎందుకు వేశారో అడగండి. తుప్పు మీద కోటింగ్ వేస్తే తడి లోపలే ఉండిపోయి ఇంకా వేగంగా తింటుంది. పైపైన తుప్పు రంగు ఉంటే భయం లేదు, వైర్ బ్రష్‌తో పోతుంది. పొరలు పొరలుగా పెచ్చులు ఊడుతుంటే బేరం కూడా ఆడొద్దు, నమస్కారం పెట్టి వచ్చేయండి.

తర్వాత వరద బండ్లు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను తీరం దాటింది మన బాపట్ల దగ్గరే. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని బండ్లు మునిగాయో టీవీలో చూశారు కదా. అలా మునిగిన బండి శుభ్రం చేసుకుని అమ్మకానికి రావచ్చు. సీట్ బెల్ట్‌ని చివరి దాకా లాగి చూడండి, రోజూ బయటికి రాని ఆ చివర్లో బురద మరక దొరికిపోతుంది. కార్పెట్ ఎత్తి సీట్ రైల్స్ చూడండి, ఫ్యూజ్ బాక్స్ తెరిచి పచ్చటి చిలుము ఉందేమో చూడండి.

ఇప్పుడు మన గ్యాడ్జెట్ పని

ఈఎల్ఎం327 బ్లూటూత్ డాంగిల్ ఒకటి, ఫోన్‌లో కార్ స్కానర్ లాంటి యాప్ ఒకటి. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్ట్‌కి తగిలిస్తే ఎర్రర్ కోడ్స్ కనిపిస్తాయి. అందరూ ఇక్కడే ఆగిపోతారు, కోడ్స్ లేవంటే బండి సూపర్ అనుకుంటారు. అసలు చూడాల్సింది "కోడ్స్ క్లియర్ చేశాక తిరిగిన దూరం" అనే రీడింగ్. అది ఐదు కిలోమీటర్లు చూపిస్తే, మీరు వచ్చే ముందే ఎవరో మెమరీ తుడిచేశారని అర్థం. ఆ రీడింగ్ కొన్ని బండ్లలో రాదు. అప్పుడు అరగంట గట్టిగా నడిపి మళ్లీ స్కాన్ చేయండి. నడిపేటప్పుడు కూలెంట్ టెంపరేచర్ మీద ఒక కన్నేసి ఉంచండి. చల్లటి ఇంజిన్‌తో మొదలుపెట్టడం ముఖ్యం, కాబట్టి స్టార్ట్ చేసి ఉంచొద్దని ముందే చెప్పండి.

ఛాసిస్ తుప్పుని ఏ డాంగిల్ చెప్పదు. అందుకే సుత్తి తర్వాతే ఇది.

ఫోర్ వీల్ డ్రైవ్‌ని తప్పకుండా మట్టి మీద పరీక్షించండి. సిటీ ఓనర్లు చాలామంది ఆ నాబ్‌ని ఏళ్ల తరబడి ముట్టుకోరు, యాక్చువేటర్ బిగుసుకుపోతుంది. 4హెచ్, 4ఎల్ రెండూ పడుతున్నాయా, డాష్‌బోర్డ్ లైట్ వెలగడమే కాదు, ముందు చక్రాలు నిజంగా లాగుతున్నాయా చూడాలి.

కాగితాల విషయం క్లుప్తంగా. ఎం-పరివాహన్‌లో ఎన్నో ఓనరో, ఫైనాన్స్ ఉందో లేదో చూడండి. లోన్ ఉంటే ఫారం 35, పేరు మార్పుకి ఫారం 29, 30, బయటి రాష్ట్రం బండికి ఎన్ఓసీ. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షల పుణ్యమా అని అక్కడి బండ్లు చవగ్గా కనిపిస్తాయి. ఇక్కడికి తెచ్చి మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాక ఆ చవక ఎంత మిగిలిందో లెక్కేసుకోండి.

ఇసుకలోకి దిగే ముందు

రోడ్డు మీద 32-35 పీఎస్ఐ ఉండే టైర్‌ని ఇసుకలో 18కి దించండి. గాలి తగ్గితే టైర్ నేల మీద పొడవుగా పరుచుకుంటుంది, బరువు ఎక్కువ చోట పడుతుంది కాబట్టి కూరుకుపోదు. ఇరుక్కుంటే 15 దాకా వెళ్లొచ్చు. 12 కంటే కిందకి దించితే మలుపులో టైర్ రిమ్ నుంచి ఊడే ప్రమాదం ఉంది. డిజిటల్ గేజ్, 12 వోల్ట్ కంప్రెసర్ రెండూ కొనండి. కంప్రెసర్ మాత్రం బ్యాటరీకి నేరుగా క్లిప్పులతో తగిలించేది తీసుకోండి. ఇంత పెద్ద టైర్లు నింపేటప్పుడు సిగరెట్ లైటర్ సాకెట్ ఫ్యూజ్ ఎగిరిపోతుంది.

ఖాళీ పికప్‌కి బరువంతా ముందే, వెనక చక్రాలు తేలిగ్గా ఉండి ఊరికే తిరుగుతాయి. అందుకని ఇసుక మొదలవకముందే 4హెచ్ వేయాలి, దిగబడ్డాక కాదు. తిరిగి తారు రోడ్డు ఎక్కగానే 2హెచ్‌కి మార్చండి. ఈ బండ్లలో ముందు, వెనక ఇరుసులు 4హెచ్‌లో ఒకదానికొకటి లాక్ అయిపోతాయి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి. ఇసుకలో ఆ తేడా జారుడులో సర్దుకుంటుంది, తారు మీద మాత్రం ట్రాన్స్‌ఫర్ కేస్ మీద పడుతుంది. ఇరుక్కున్నప్పుడు యాక్సిలరేటర్ తొక్కకండి, బండి తన గొయ్యి తనే తవ్వుకుంటుంది. చక్రాల ముందు ఇసుక తీసి, పాత మిరపకాయల గోతాలు పరిచి, వచ్చిన గాడిలోనే రివర్స్‌లో మెల్లగా రండి. ట్రాక్షన్ బోర్డులు కొనేదాకా గోతాలే గతి, బానే పనిచేస్తాయి.

ఎక్కడ తిప్పాలన్నది ఇంకో విషయం. జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అలలు చేరని పొడి ఇసుకలోనే గూడు చేస్తాయి, మన టైర్లకి నచ్చేదీ అదే చోటు. టైర్ గాడిలో పడ్డ పిల్ల తాబేలు సముద్రం దాకా చేరలేదు. వన్యప్రాణి చట్టం కింద పూర్తి రక్షణ ఉన్న జీవి అది. బీచ్ వదిలేసి, తెలిసినవాళ్ల సరుగుడు తోటల్లో, జీడిమామిడి తోటల్లో అడిగి ఇసుక బాటలు వాడుకోండి. ప్రాక్టీస్‌కి అవి చాలు.

ఇంటికొచ్చాక

అదే రోజు మంచినీళ్లతో అడుగు కడగాలి. రేపు కడుగుదాం అనేది లేదు. ఏ నీళ్లతో అన్నది కూడా ముఖ్యమే. మా వైపు ఇసుక నేలల్లో వాన నీరు కిందున్న ఉప్పునీటి మీద పల్చటి పొరలా తేలుతుంది. లోతు తక్కువ దొరువులు తవ్వి తోడుకునేది ఆ నీళ్లే. బాపట్లలో వ్యవసాయ శాస్త్రవేత్తలు ఈ దొరువు పద్ధతినే మెరుగుపరిచారు. అదే చోట లోతుగా బోరు వేస్తే ఉప్పునీళ్లు పైకి రావచ్చు. బోరు నీళ్లు కదా అని పైపు పెడితే ఉప్పు మీద ఉప్పు పూసినట్టే. వాటర్ ప్యూరిఫైయర్ చెక్ చేసే టీడీఎస్ పెన్ ముంచి చూడండి. 500 లోపు ఉంటే హాయిగా కడగొచ్చు, రెండు మూడు వేలు చూపిస్తే వేరే నీళ్లు చూసుకోండి. ప్రెషర్ వాషర్‌ని ఫ్రేమ్ కన్నాల్లోకి పెట్టి, బయటికొచ్చే నీళ్లలో ఇసుక ఆగేదాకా కొట్టండి.

ఎయిర్ ఫిల్టర్ మాన్యువల్‌లో రాసిన దాకా ఆగొద్దు, ఇసుకలో తిరిగిన ప్రతిసారీ తీసి చూడండి. ఫిల్టర్ దాటిన సన్నటి ధూళి టర్బో బ్లేడ్లని అరగదీస్తుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్లకి గ్రీజు కొట్టించండి. నీళ్లలో దిగితే డిఫరెన్షియల్ ఆయిల్ కూడా చూడాలి. వేడెక్కిన ఇరుసు ఒక్కసారి చల్లబడితే సీళ్ల నుంచి నీళ్లు పీల్చుకుంటుంది. బోల్ట్ విప్పి వేలు పెట్టండి, ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే ఆ రోజే మార్పించేయండి.