పాత జర్మన్ షూ వయసు తేల్చే అంకెలు

పాతకాలపు జర్మన్ లేడీస్ షూ చేతికొస్తే చాలామంది ముందు హీల్ చూస్తారు. సన్నటి స్టిలెటో అయితే 1950ల నాటిదని తేల్చేస్తారు. ఫ్యాషన్‌ని బట్టి వయసు కట్టడం ప్రమాదం, ఒకసారి పోయిన మోడల్ ముప్ఫై ఏళ్లకు మళ్లీ వస్తుంది. చట్టం వేయించిన గుర్తులు అలా తిరిగిరావు. అందుకే షూని ముందు తిరగేయాలి.

'మేడ్ ఇన్ జర్మనీ' అనే మాట 1887లో బ్రిటన్ చేసిన చట్టంతో వ్యాపించింది. నేటికీ వాడుకలో ఉంది కాబట్టి దానివల్ల తేలేది తక్కువ. 'వెస్ట్ జర్మనీ' అని ఉంటే మాత్రం 1949–1990 మధ్యది. వి.ఇ.బి. అన్న అక్షరాలు తూర్పు జర్మనీ ప్రభుత్వ కర్మాగారాలవి. అక్కడ షూ తయారీకి పేరున్న ఊరు వైసెన్‌ఫెల్స్, పశ్చిమాన పిర్మాసెన్స్.

అసలు డబ్బా కూడా దొరికితే అదృష్టమే. దానిమీది చిరునామాలో పిన్‌కోడ్ చూడండి. నాలుగంకెల కోడ్ పశ్చిమ జర్మనీలో 1961లో, తూర్పున 1965లో వచ్చింది. దేశం ఒకటయ్యాక రెండుచోట్లా ఒకే అంకెలు ఉండటంతో ముందు 'డబ్ల్యూ' లేదా 'ఓ' చేర్చి రాశారు. 1993 జులై 1 నుంచి ఐదంకెల కోడ్ అమల్లోకి వచ్చింది. అంటే ఆ అక్షరం కనిపిస్తే మూడేళ్ల లోపు తేడాతో డబ్బా వయసు చెప్పేయొచ్చు. ఇంత కచ్చితమైన ఆధారం మరొకటి అరుదు.

సోల్ మీదో లోపలో తోలు, గుడ్డ, ఇతర పదార్థాలను తెలిపే చిన్న బొమ్మలుంటే, అవి 1994 నాటి యూరోపియన్ ఆదేశం ఫలితం. 1996 మార్చి 23 నుంచి తప్పనిసరి. అవి ఉన్న షూని 1960ల నాటిదని అమ్మితే కొనకండి.

సైజు వయసు చెప్పదు. 5½ జి అని చూసి ఇంగ్లండ్ సరుకు అనుకోవద్దు, జర్మన్ కంపెనీలూ ఇంగ్లిష్ సైజులే వాడేవి. జి పాదం వెడల్పుకు గుర్తు. యూరోపియన్ సైజు 38 అయితే 38ని మూడింట రెండు వంతులతో గుణిస్తే వచ్చే 25.3 సెంటీమీటర్లు ఆ షూ అచ్చు పొడవు.

చెక్క, బెండు సోల్ కనిపిస్తే యుద్ధకాలపు తోలు కొరతను గుర్తుచేసుకోవాలి. తోలుకు బదులు వాడే పదార్థాల మన్నికను పరీక్షించడానికి 1940 నుంచి సాక్సెన్‌హౌజెన్ నిర్బంధ శిబిరంలో ఖైదీలను రోజుకు 40 కిలోమీటర్ల దాకా నడిపించారు. ఆ కాలపు షూల గురించి రాసేవారు ఈ సంగతి దాటవేయకూడదు.

ఇక బ్రాండ్. సాలమాండర్ మూలాలు 1885 నాటి కోర్న్‌వెస్ట్‌హైమ్‌లో ఉన్నాయి. గాబోర్ 1949లో మొదలైంది. కాబట్టి '1930ల గాబోర్' అనేదే లేదు. గాబోర్ పేరు, 'వెస్ట్ జర్మనీ' ముద్ర, డబ్బా మీద నాలుగంకెల కోడ్ మూడూ ఉంటే 1961–1990 మధ్యది. అప్పుడు హీల్ ఆకారం చూసి ఏ దశకమో ఊహించవచ్చు.

రిపేరుకు ఇచ్చేముందు సోల్ ఫొటో తీసిపెట్టుకోండి. కొత్త సోల్ పడితే పాత ముద్రలు పోతాయి.