పంపు చిన్నదైంది, చేతిపని తగ్గలేదు

1963లో లాస్ ఏంజెలెస్ డాక్టర్ ఆర్నాల్డ్ కాడిష్ తయారుచేసిన ఇన్సులిన్ యంత్రాన్ని వీపున మోయాల్సి వచ్చేది. సైనికుల సంచీ అంత ఉండేది. 1970లలో అమెరికాలో డీన్ కేమెన్ ఒంటిమీద ధరించే పంపు తెచ్చాడు. 1978లో లండన్ గైస్ ఆసుపత్రికి చెందిన జాన్ పికప్, హ్యారీ కీన్ బృందం రోజంతా చర్మం కింద కొంచెం కొంచెంగా ఇన్సులిన్ ఎక్కిస్తే షుగరు అదుపులో ఉంటుందని చూపింది. 2005లో ట్యూబు లేకుండా ఒంటికి అంటుకునే ఆమ్నిపాడ్‌కూ, 2016లో సెన్సర్ చెప్పినదాన్ని బట్టి డోసు తానే మార్చుకునే మినీమెడ్ 670జీ పంపుకీ అమెరికాలో అనుమతి వచ్చింది.

ఇప్పుడు పంపు అరచేతిలో ఇముడుతుంది. లోపల చిన్న మోటారు మరను తిప్పుతుంది, మర ప్లంజర్‌ను వెంట్రుకవాసి ముందుకు నెడుతుంది. యూనిట్‌లో నలభయ్యో వంతు డోసు కూడా కచ్చితంగా ఇవ్వగల పంపులున్నాయి. అయితే ఈ అరవై ఏళ్లలో ఇంజనీర్లు బరువు తగ్గించడానికి పడినంత శ్రమ, వేళ్ల పని తగ్గించడానికి పడలేదన్నది నా అభిప్రాయం.

వేళ్ల సంగతి ఎందుకంటే, షుగరే వాటిని బిగదీస్తుంది. ఏళ్ల తరబడి రక్తంలో ఎక్కువగా ఉన్న గ్లూకోజు చర్మంలోని, స్నాయువుల్లోని కొల్లాజెన్‌కు అతుక్కుని దాన్ని గట్టిపరుస్తుంది. అలా వేళ్లు బిగుసుకుపోయినవాళ్లు రెండు చేతులూ జోడించి నమస్కారం పెడితే వేళ్లు ఆనవు, మధ్యలో సందు కనిపిస్తుంది. డాక్టర్లు ఈ జబ్బును పట్టుకునేదే ఆ నమస్కారంతో. దానికి పక్షవాతమో కీళ్లవాతమో తోడైతే చేతులు ఇంకా లొంగవు.

ఆ చేతులతోనే రెండు మూడు రోజులకోసారి పంపు సామాను మార్చాలి. ఇన్సులిన్ సీసాను తలకిందులుగా పట్టుకుని ప్లంజర్ లాగాలి. వేలితో తట్టి గాలి బుడగలు పోగొట్టాలి. ట్యూబు చివరను మెలితిప్పి బిగించాలి. చర్మంలోకి సూదిని దించే పరికరాన్ని కొన్ని రకాల్లో రెండు పక్కలా ఒకేసారి నొక్కాలి. ఒక్క చెయ్యే పనిచేసేవాళ్లకు ఈ చివరిదే అసలు పరీక్ష. ఆమ్నిపాడ్‌లో ట్యూబు బెడద లేదు, సూది దానంతటదే దిగుతుంది; సిరంజితో నింపడం మాత్రం తప్పదు. కొన్ని పంపులకు బొత్తాలు, కొన్నింటికి టచ్ స్క్రీన్. స్పర్శ తగ్గిన వేలికి, నొక్కితే తెలిసే బొత్తామే మేలు.

ఇక మన ప్రాంతం. భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి అంచు పల్లెల్లో ఉండేవాళ్లు మరికొన్ని చూసుకోవాలి. మినీమెడ్ 780జీ పంపు ఆల్కలైన్ పెన్సిల్ సెల్లుతో నడుస్తుంది. అయితే సెల్లు మూతను నాణెంతో తిప్పి తీయాలి. ఛార్జింగ్ పంపులో ఆ తిప్పడం లేదు గానీ కరెంటు ఉండాలి. డోసు లెక్క పంపులోనే జరుగుతుంది కాబట్టి మొబైల్ సిగ్నల్ లేకపోయినా ఫరవాలేదు. చిక్కల్లా ఎండతోనే. పంపులోని ఇన్సులిన్ 37 డిగ్రీలు దాటి వేడెక్కితే పారబోయాలి. మేలో ఇక్కడ నీడలోనే అంతకన్నా ఎక్కువ ఉంటుంది.

సీసా కూడా చూసి తీసుకోవాలి. మన దగ్గర మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, 100 యూనిట్లవి రెండు రకాలూ అమ్ముతారు. పంపు లెక్క 100కే. 40ది పోస్తే అందే మందు సగం కూడా ఉండదు. పంపులో వాడేది త్వరగా పనిచేసే ఇన్సులిన్ మాత్రమే కనుక, ట్యూబు మడతపడి ఆగితే కొన్ని గంటల్లోనే పరిస్థితి విషమించవచ్చు. అడవి దారిలో ఆసుపత్రికి చేరేలోగా అది ప్రాణాంతకం కావచ్చు. సిరంజి, విడి ఇన్సులిన్ ఇంట్లో ఉండి తీరాలి.

పంపు ఖరీదు లక్షల్లో ఉంటుంది, ఆపైన నెలనెలా సామాను ఖర్చు. డబ్బు కట్టకముందే డాక్టరును అడిగి, మందు లేని సెలైన్‌తో, మీ చేతులతో మీరే మొదటినుంచి చివరిదాకా మార్చి చూడండి. కంపెనీ మనిషి చేసి చూపిస్తే చాలదు. ఇంట్లో మరొకరికీ ఆ పని నేర్పించండి. మీ వేళ్లకు లొంగని పంపును, ఎంత కొత్తదైనా సరే, కొనకండి.