రేకుల షెడ్డులో రేడియో గరగరలాడితే



చేతిలో సెల్‌ఫోను ఉండగా పొలంలో రేడియో ఎందుకండీ అని మీరు అడగవచ్చు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు పోయింది, సెల్‌ఫోనులు మూగబోయినవి. అటువంటి వేళ బ్యాటరీలతో పలికే చిన్న రేడియో ఆదుకోగలదు. కాని గాలివాన మొదలైన రాత్రి రేడియో బాగుచేసుకుందామంటే కుదరదు గదా! అది ముందే సరిగ్గా పలుకుతూ ఉండాలి.

ఆ మధ్య ఒక రైతుగారి మామిడితోటకు వెళ్లాను. "ఆఫీసరుగారూ, ఇంటి దగ్గర శుభ్రంగా పలికిన రేడియో తోటలోకి తెచ్చేసరికి గరగరలాడుతోంది. కొత్తది కొనమంటారా?" అన్నారు. "కాస్త ఆగండి" అని, రేడియో పట్టుకుని రేకుల షెడ్డు బయటికి ఇరవై అడుగులు నడిచాను. చెట్టు కింద పెట్టగానే మాట తెలిసింది. జబ్బు రేడియోలో లేదు, అది కూర్చున్న చోటులో ఉంది. రేడియో తరంగాలు పెంకును, తాటాకును దాటి వస్తాయి. చుట్టూ ఇనుప రేకు ఉంటే మాత్రం లోపలికి చాలా తక్కువగా వస్తాయి. అందుచేత షెడ్డులో వినవలసి వస్తే గుమ్మం దగ్గరో, కిటికీ దగ్గరో పెట్టండి. ఇనుప బీరువా మీద, మోటారు పక్కన పెట్టకండి.

ఈ పరీక్షకు ముందు రెండు సంగతులు చూడాలి. మొదటిది, బ్యాటరీలు. పెట్టిన కాసేపు బాగా పలికి, తరువాత గొంతు సన్నగిల్లితే బ్యాటరీలు అయిపోవచ్చాయన్నమాట. కొత్తవి, పాతవి కలిపి వేయకండి. బ్యాటరీ తగిలే రేకుల మీద చిలుము పడితే పొడి గుడ్డతో రుద్దండి. రెండవది, స్టేషను. ఈ మధ్య సంవత్సరాలలో దేశంలో కొన్ని మీడియంవేవ్ ట్రాన్స్‌మిటర్లు ఆపివేశారు. మీరు వినే కార్యక్రమం ఇప్పుడు మీడియంవేవ్‌లో వస్తోందో, ఎఫ్.ఎం.లో వస్తోందో పొరుగువారి రేడియోలో విని తెలుసుకోండి.

ఇక చాలామంది పొరబడే విషయం ఒకటుంది. మీడియంవేవ్ సరిగా రాకపోతే రేడియో మీది పొడుగు కడ్డీని లాగి అటూ ఇటూ తిప్పుతారు. చిన్న రేడియోలలో ఆ కడ్డీ ఎఫ్.ఎం.కు, షార్ట్‌వేవ్‌కు పనికివస్తుంది. మీడియంవేవ్‌కు అసలు ఏరియల్ పెట్టె లోపలే ఉంటుంది. నల్లని ఫెర్రైట్ కడ్డీకి సన్నటి రాగితీగ చుట్టి, సాధారణంగా పెట్టె పొడుగునా అమర్చి ఉంచుతారు. కనుక తిప్పవలసింది బయటి కడ్డీని కాదు, రేడియోనే! పీట మీద పెట్టి మెల్లగా చుట్టూ తిప్పండి. లోపలి కడ్డీ స్టేషనుకు అడ్డంగా ఉన్నప్పుడు మాట గట్టిగా వస్తుంది. దాని కొన స్టేషను వైపు చూస్తే మాట సన్నగిలుతుంది. బాగా పలికిన దిక్కు గుర్తు పెట్టుకుంటే సగం బాధ తీరినట్లే. ఎఫ్.ఎం. అయితే బయటి కడ్డీని సుమారు 75 సెంటీమీటర్లు లాగి, వీలయినంత ఎత్తున పెట్టండి.

ఇంతచేసినా ఆ తోటలో "టిక్కు, టిక్కు" మని సెకనుకొకసారి చప్పుడు వస్తూనే ఉంది. రేడియో పట్టుకుని గట్టు వెంబడి నడిచాము. సోలార్ కంచె ఒక మూలకు పోయేసరికి చప్పుడు హెచ్చింది. చూస్తే ఏముంది, గడ్డి ఏపుగా పెరిగి కంచె తీగను తాకుతోంది! కంచె ఆపివేసి గడ్డి కోయించాము. రేడియో నెమ్మదించింది. అంతేకాదు, అన్నాళ్లూ ఆ గడ్డి గుండా కారిపోతున్న కంచె కరెంటు కూడా తిరిగి నిలిచింది. చూశారా, గరగర ఒక్కొక్కప్పుడు మంచి కబురే చెబుతుంది!

ఎడతెగని బుయ్యిమనే మోతకు ఎల్.ఇ.డి. బల్బులు, ఫోను చార్జర్లు కారణం కావచ్చు. ఒక్కొక్కటే ఆపి చూడండి. దొంగ దొరుకుతుంది. కరెంటు స్తంభం దగ్గర మోత హెచ్చితే లైన్‌మన్‌కు చెప్పండి. మీరు స్తంభం ముట్టుకోకండి. రాత్రిళ్లు మాత్రం దూరపు స్టేషన్లు పైగాలి పొరలకు తగిలి తిరిగివచ్చి కలగాపులగమవుతాయి. అది రేడియో లోపం కాదు.

స్టేషను మరీ దూరమైతే తొడుగున్న రాగితీగ 10 లేక 15 మీటర్లు తీసుకుని రెండు చెట్ల మధ్య కట్టండి. కరెంటు తీగల కింద గాని, వాటిపైన గాని కట్టనే కూడదు. ఆ తీగ కొసను రేడియోకు బెల్టులాగా, ముందు నుంచి వెనుకకు లోపలి కడ్డీని చుట్టివచ్చేటట్లు, ఐదారు చుట్లు చుట్టండి. మిగిలిన కొసను తడినేలలో రెండడుగులు దిగగొట్టిన ఇనుపచువ్వకు కట్టండి. మోటారు ఎర్తుకు మాత్రం కట్టకండి. ఉరుము వినబడకముందే, మబ్బు పట్టగానే, రేడియో నుంచి ఈ తీగను విప్పి దూరంగా వేయాలి. ఉరుములు మొదలైనాక దాన్ని ముట్టుకోవద్దు.

తుపానుల కాలం రాకముందే ఒక సాయంత్రం రేడియో తీసుకుని షెడ్డు బయటికి నడవండి. పలికే చోటు చూసి, గోడ మీద గీత గీసి పెట్టుకోండి. ఇంటిల్లిపాదికీ, పాలేరుకూ చూపించండి. అవసరమైన రాత్రి వెతుక్కునే పని ఉండదు.