నీలిమందు

నీలిమందు లేదా ఇండిగో అనునది నత్రజనితో కూడిన ఒక ఆరోమాటిక్ కర్బన సమ్మేళనం. నీలి మొక్క ఆకుల నుండి తీసే ఈ రంగు ప్రాచీన కాలం నుండి నూలుబట్టల అద్దకంలో వాడబడుచున్నది. ఉతికిన బట్టలు తెల్లగా కనిపించుటకు పెట్టే పొడి నీలిమందు సాధారణంగా అల్ట్రామెరీన్ అనే ఖనిజ వర్ణకం. అది వేరే పదార్థం.

నిర్మాణం, ధర్మాలు

ఇండిగో అణువులో 16 కర్బన, 10 ఉదజని, 2 నత్రజని, 2 ఆమ్లజని పరమాణువులు ఉంటాయి. అణుభారం సుమారు 262. ఒక్కొక్క బెంజీన్ వలయం గల రెండు సమాన భాగాలు జంట బంధంతో కలిసి ఈ అణువు ఏర్పడుతుంది. నత్రజనికి ఉన్న ఉదజని, ఆమ్లజనితో ఉదజని బంధం ఏర్పరచుకొనును. ఈ బంధాల వలన అణువులు ఒకదానినొకటి గట్టిగా పట్టుకొని ఉంటాయి. అందుచేత నీలిమందు నీటిలో కరగదు. సుమారు 390 డిగ్రీల సెల్సియస్ వద్ద గాని ద్రవీభవించదు.

అద్దకం

మొక్కలో ఈ రంగు ఉండదు; ఇండికాన్ అనే రంగులేని గ్లూకోసైడు మాత్రమే ఉంటుంది. ఆకులను నీటి తొట్లలో నానబెట్టినపుడు అది విడిపోయి ఇండాక్సిల్ ఏర్పడుతుంది. ఆ నీటిని బాగా చిలికినచో గాలిలోని ఆమ్లజనితో కలిసి నీలిమందుగా అడుగున చేరుతుంది.

నీటిలో కరగని రంగు నూలులోనికి ఇంకదు. కావున దానిని క్షార ద్రావణంలో క్షయకరణం చేసి, కరిగే ల్యూకో ఇండిగోగా మార్చుతారు. ఇందుకు దక్షిణ భారతంలో సున్నం, ఉడికించిన తగిరిస గింజలు కలిపి పులియబెట్టేవారు. పరిశ్రమలలో సోడియం డైథయొనైట్ వాడతారు. పసుపుపచ్చని ద్రావణంలో ముంచి తీసిన బట్ట గాలి తగలగానే ఆకుపచ్చగా, పిదప నీలంగా మారుతుంది. రంగు తిరిగి కరగని రూపం పొందినందున ఉతికినా సులభంగా పోదు.

చరిత్ర

గౌతమీ తీరంలోని యానాం 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో ఉండెను. దానికి చేరువనున్న ఇంజరం, నీలపల్లి గ్రామాలలో 18వ శతాబ్దంలో ఆంగ్లేయుల బట్టల వర్తక స్థావరాలు ఉండేవి. ఫ్రెంచివారు పుదుచ్చేరి నుండి గినీ అనే నీలిబట్టలను ఆఫ్రికాలోని సెనెగల్‌కు పంపేవారు. అక్కడ తుమ్మబంక కొనుగోలులో అవి నాణెం వలె చెల్లేవి. కడప ప్రాంతపు నీలిమందు ఐరోపా విపణిలో 'కుర్పా' పేరుతో అమ్ముడుపోయేది.

1840లో ఫ్రిట్షే నీలిమందును పొటాష్ క్షారంతో వేడిచేసి ఒక నూనెను పొంది, అనిలిన్ అని పేరు పెట్టెను. ఈ పేరు సంస్కృత 'నీల' శబ్దం నుండి పోర్చుగీసులోనికి చేరిన 'అనిల్' నుండి వచ్చినది. అడాల్ఫ్ వాన్ బేయర్ 1883లో ఇండిగో నిర్మాణాన్ని నిర్ణయించెను. ఆయనకు 1905లో నోబెల్ బహుమతి లభించింది. 1897లో జర్మనీకి చెందిన బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థ కృత్రిమ నీలిమందును విపణిలో పెట్టడంతో భారతదేశంలో నీలి సాగు వేగంగా క్షీణించింది. బీహారులో తోటల యజమానులు తమ నష్టాన్ని హెచ్చు కౌళ్ల రూపంలో రైతులపై మోపిరి. 1917 నాటి చంపారన్ సత్యాగ్రహానికి ఇది ఒక ముఖ్య కారణం.

ఉపయోగాలు

* జీన్స్ బట్టకు రంగు వేయుట. రంగు నూలు పైపొరలలోనే నిలుచుట వలన రాపిడికి క్రమంగా వెలిసిపోతుంది.
* గంధకికామ్లంతో చర్య జరిపి చేసే ఇండిగో కార్మైన్ నీటిలో కరుగుతుంది. దీనిని ఆహారపు రంగుగా, వైద్య పరీక్షలలోను వాడతారు.

నేటి నీలిమందులో అత్యధిక భాగం అనిలిన్ నుండి తయారగుచున్నది. మొక్క నుండి తీసినా, కర్మాగారంలో చేసినా ఇండిగో అణువు ఒక్కటే. భేదం వాటితో చేరియుండే మలినాలలో ఉంటుంది. కృత్రిమ నీలిమందులో మిగిలే అనిలిన్ విషపదార్థం గనుక, అద్దకపు వ్యర్థజలాన్ని శుద్ధి చేయనిదే కాలువలలోనికి వదలరాదు.