పాత మినీ డీవీ టేపుల్లో ఉన్న మన సాగు వీడియోలను దక్కించుకునేదెట్లా?

పై వీడియోలో వేపగింజల కషాయం గురించి చెబుతున్న పెద్దాయన మా మేనమామ. 2006లో నరసరావుపేట దగ్గర మా మిరప చేలో తీశాం. ఆయన ఇప్పుడు లేరు. ఆ గొంతు ఒక్క టేపులోనే మిగిలింది. ఎన్‌పీఎం రోజుల్లో తీసిన ఇట్లాంటి టేపులు మీలో కొందరి బీరువాల్లోనూ ఉండొచ్చు, అందుకే ఇది రాస్తున్నా.

తొందరపడి టేపు పెట్టేశాను. బొమ్మంతా గడులు గడులు, మాట తెగిపోతోంది. షాపులో అడిగితే హెడ్డు పోయింది, కెమెరా పారేయమన్నారు. నిజానికి పట్టింది దుమ్ము. మినీ డీవీ క్లీనింగ్ క్యాసెట్ పెట్టి పది సెకన్లు తిప్పితే చాలు, ఎక్కువ తిప్పితే హెడ్డు అరుగుతుంది. పత్తి రైతునే అయినా చెబుతున్నా, లోపల దూదిపుల్ల మాత్రం పెట్టొద్దు. నూగు డ్రమ్ముకు అంటుకుంటుంది.

టేపు పెట్టే ముందు దాని అంచు వెలుతురులో చూడండి. తెల్లగా బూజు కనిపిస్తే ఆడించొద్దు. ఆ బూజు కెమెరాకు అంటి, తర్వాత పెట్టే టేపుకూ పాకుతుంది. బాగున్న టేపుకైతే వెనకున్న మీటను 'సేవ్' వైపు జరపండి, పొరపాటున నొక్కినా పాతది చెరిగిపోదు. చివరిదాకా ఒకసారి తిప్పి, మళ్లీ మొదటికి తెచ్చి అప్పుడు ఆడించండి.

ఇక వైరు. చాలామంది మోసపోయేది ఇక్కడే. చాలా కెమెరాల్లో యూఎస్‌బీ వైరు ఫొటోలకే, లేదా నాసిరకం వీడియోకే పనికొస్తుంది. 'డీవీ' లేదా 'ఐ-లింక్' అని రాసున్న చిన్న రంధ్రం వెతకండి. దానికి ఫైర్‌వైర్ తీగ, పాత డెస్క్‌టాప్‌లో ఫైర్‌వైర్ కార్డు కావాలి. కెమెరా ఆపి ఉన్నప్పుడే తీగ తగిలించండి. విన్‌డీవీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. గంట టేపు ఎక్కడానికి గంట పడుతుంది, సుమారు 13 జీబీ అవుతుంది. ఆ పెద్ద ఫైలును రెండు హార్డ్ డిస్కుల్లో దాచి, యూట్యూబ్‌కు చిన్న కాపీ చేసుకోండి. వీహెచ్ఎస్ క్యాసెట్లకు ఈ దారి లేదు, పసుపు-తెలుపు-ఎరుపు తీగలతో క్యాప్చర్ కార్డే గతి.

ఇదంతా మనవల్ల ఏమవుతుందిలే అనుకోకండి. పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా రైతులు తామే కెమెరా పట్టి, 2003లోనే వరంగల్ బీటీ పత్తి రైతుల గోడును సినిమాగా తీశారు.

టేపులను రేకుల కింద పెట్టొద్దు. మన రెంటచింతల ఎండల సంగతి మీకు తెలిసిందే.

మా టేపులో ఒకచోట ఇంకా గడులే. 'వంద లీటర్లకు ఐదు కిలోల పొడి, రాత్రంతా నానబెట్టాక...' అని మామయ్య మాట ఆగిపోతుంది. తర్వాత ఏం కలిపేవారని అత్తయ్యను అడిగాను. 'కుంకుడుకాయ రసం రా, ఆకుకు అంటుకోవద్దూ?' అంది. ఆ ముక్క వీడియో కింద అక్షరాల్లో వేశాను.