షుగర్ అని తెలిసిన తొలి ఏడాది

“మాత్ర ఒకసారి మొదలుపెడితే ఇక జన్మంతా మింగాల్సిందేనట కదా! కొన్నాళ్ళు పథ్యం చేసి చూస్తాను.” షుగర్ ఉందని కొత్తగా తెలిసినవాళ్ళలో చాలామంది ముందు అనే మాట ఇదే. ఆ కొన్నాళ్ళు ఆర్నెల్లవుతాయి, ఏడాదవుతుంది. మధ్యలో ఒకరు చెప్పిన కాకరకాయ రసం, మరొకరు పంపిన పొడి. ఒంట్లో బాధేమీ కనిపించదు గనుక కాలం ఇట్టే గడిచిపోతుంది. పరిశోధనలు చెబుతున్నది దీనికి పూర్తిగా విరుద్ధం. ఈ జబ్బులో వైద్యానికి ఎక్కువ ఫలితం దక్కేది మొదట్లోనే.

బ్రిటన్‌లో 1977లో యూకేపీడీఎస్ అనే పెద్ద అధ్యయనం మొదలైంది. టైప్-2 మధుమేహం కొత్తగా బయటపడిన 5,102 మందిని 23 కేంద్రాల్లో చేర్చుకున్నారు. ఎవరు ఏ జట్టులోకి వెళ్ళాలన్నది చీటీ పద్ధతిలో తేల్చారు. ఒక జట్టుకు మాత్రలతో, ఇన్సులిన్‌తో చక్కెరను గట్టిగా అదుపు చేశారు. రెండో జట్టు ప్రధానంగా ఆహార నియమాల మీదే నడిచింది. రెండు మూడు నెలల సగటు చక్కెరను చెప్పే పరీక్ష హెచ్‌బీఏ1సీ. పదేళ్ళలో రెండు జట్ల హెచ్‌బీఏ1సీ మధ్య పెద్ద తేడా లేదు: ఒకరిది 7.0, మరొకరిది 7.9. ఆ కాస్త తేడాకే కళ్ళు, కిడ్నీల్లోని సన్నని రక్తనాళాలకు జరిగే నష్టం 25 శాతం తగ్గింది.

అసలు విశేషం ఆ తర్వాత బయటపడింది. 1997లో అధ్యయనం ముగిసి అందరూ మామూలు వైద్యానికి వెళ్ళిపోయారు. ఏడాది తిరిగేసరికి రెండు జట్ల చక్కెరా ఒకే స్థాయికి వచ్చేసింది. అయినా 2008లో లెక్క తీస్తే, మొదట గట్టిగా అదుపు చేసుకున్నవాళ్ళలో గుండెపోట్లు, మరణాలు తక్కువగా ఉన్నాయి. 2024లో మళ్ళీ చూసినప్పుడూ ఆ తేడా చెరిగిపోలేదు. మొదటి ఏళ్ళ చక్కెరను శరీరం అంతకాలం గుర్తుపెట్టుకుంది!

క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు జబ్బు బయటపడే నాటికే దాదాపు సగం శక్తి కోల్పోయి ఉంటాయని అదే అధ్యయనం అంచనా వేసింది. అంటే రిపోర్టు వచ్చిన రోజున పుట్టిన జబ్బు కాదిది, ఏళ్ళ తరబడి లోలోపల సాగినది. రక్తంలో పేరుకున్న చక్కెర మిగిలిన కణాలను కూడా అణిచివేస్తుంది. దాన్ని త్వరగా దించితే వాటిలో కొన్ని తేరుకుంటాయి. 400 దాటిన చక్కెరతో వచ్చినవాళ్ళకు డాక్టర్లు ముందు కొన్ని వారాలు ఇన్సులిన్ రాయడం ఇందుకే. “అప్పుడే ఇన్సులిన్ దాకా వచ్చిందా!” అని ఇంట్లో బెంబేలెత్తిపోతారు గానీ, టైప్-2 అయితే చాలామందికి తర్వాత దాన్ని ఆపి మాత్రలకు మారుస్తారు.

“రాత్రి ఏమీ తినకుండా పడుకున్నాను, అయినా పరగడుపున 160 ఎలా వచ్చింది?” ఇది న్యాయమైన ప్రశ్న. మనం నిద్రపోతున్నప్పుడు కూడా కాలేయం రక్తంలోకి చక్కెర వదులుతూనే ఉంటుంది. దాన్ని ఆపమని చెప్పాల్సింది ఇన్సులిన్. ఆ మాట చెల్లనప్పుడు తెల్లారేసరికి అంకె పెరుగుతుంది. మెట్‌ఫార్మిన్ ముఖ్యంగా పనిచేసేది ఇక్కడే, కాలేయం వదిలే చక్కెరను తగ్గిస్తుంది. గాలెగా అనే మొక్కలోని పదార్థాల మీద జరిగిన పరిశోధనల నుంచి వచ్చిన ఈ మందును 1957లో ఫ్రాన్స్‌లో జాన్ స్టెర్న్ అనే వైద్యుడు మధుమేహానికి వాడి చూపించారు. మొదట్లో కడుపులో తిప్పుతుంది, కొందరికి విరేచనాలవుతాయి. భోజనంతో పాటు వేసుకుంటే, తక్కువ మోతాదుతో మొదలుపెడితే చాలామందికి సర్దుకుంటుంది. ఇది అలవాటై వదలని మందు కాదు. జబ్బు ఉంది గనుక మాత్ర కావాల్సి వస్తోంది. మాత్ర వేసుకోవడం వల్ల జబ్బు పాతుకుపోదు.

ఇక రెండో ప్రశ్న: “నాకు ఒళ్ళే లేదు కదా, నాకెందుకొచ్చింది?” పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ కలిసి 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఫొటో ఒకటి వేయించారు. ఎత్తుకు తగ్గ బరువును చెప్పే బీఎంఐ ఇద్దరికీ సరిగ్గా 22.3. శరీరంలో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. మనవాళ్ళలో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ, అదీ పొట్ట చుట్టూ. చర్మం కింద కొవ్వు దాచుకునే చోటు మనకు చిన్న గాదె లాంటిది. అది నిండాక మిగిలింది కాలేయంలోకి, క్లోమంలోకి పొర్లుతుంది. అందుకే బరువు తూచే యంత్రం కన్నా టేపు నమ్మకమైనది. నడుము కొలత మగవాళ్ళకు 90, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటితే ఆలోచించాలి.

అలా పొర్లిన కొవ్వును వెనక్కి రప్పించవచ్చని బ్రిటన్‌లో జరిగిన డైరెక్ట్ అధ్యయనం 2017లో చూపింది. జబ్బు బయటపడి ఆరేళ్ళు దాటని, అధిక బరువున్నవాళ్ళకు మూడు నుంచి ఐదు నెలలు రోజుకు సుమారు 850 కేలరీలే ఇచ్చారు. ఏడాదికి వాళ్ళలో 46 శాతం మంది మందులు లేకుండానే మధుమేహం గీత కిందికి దిగారు. 15 కిలోలు, అంతకు మించి తగ్గినవాళ్ళలో అయితే 86 శాతం మంది. రెండేళ్ళకు ఆ 46 కాస్తా 36 అయింది. బరువు మళ్ళీ పెరిగితే షుగరూ తిరిగొస్తుంది గనుక పరీక్షలు మానకూడదు. ఇది డాక్టరు పర్యవేక్షణలో చేయాల్సిన పని, సన్నగా ఉన్నవాళ్ళు అనుకరించాల్సింది కాదు. కానీ పొట్ట ఉన్న కొత్త రోగికి ఇంతకన్నా ఆశ కలిగించే వార్త నాకు తెలిసి మరొకటి లేదు.

కంచం దగ్గరికి వద్దాం. అన్నం మానేసి కొర్రలకో, రాగులకో మారితే చాలనుకునేవాళ్ళు ఎక్కువయ్యారు. పీచు ఎక్కువ కాబట్టి చిరుధాన్యాలు తెల్లన్నం కన్నా మెరుగే. అయినా వంద గ్రాముల్లో 60, 70 గ్రాములు పిండిపదార్థమే. పైగా రాగి పిండిని జావగా కాచి గటగటా తాగితే చక్కెర గబగబా ఎక్కుతుంది. అదే రాగిని సంగటి చేసి చిన్న ముద్దతో సరిపెట్టుకుని, పప్పూ కూరా ఎక్కువగా తింటే ఫలితం వేరు. మీ ఒంటికి ఏది పడుతుందో నాకన్నా మీ గ్లూకోమీటరే బాగా చెబుతుంది. భోజనానికి ముందు ఒకసారి, మొదటి ముద్ద తిన్నప్పటి నుంచి రెండు గంటలకు మరోసారి చూసుకుని, రెండంకెల పక్కన ఏం తిన్నారో రాయండి. మర్నాడు అదే భోజనంలో అన్నం సగం చేసి, బెండకాయ వేపుడో గోంగూర పప్పో ముందు నాలుగు ముద్దలు తిని, తర్వాత అన్నం కలుపుకోండి. కూర, పప్పు ముందు తిని అన్నం చివర తింటే చక్కెర తక్కువగా పెరుగుతుందని ప్రయోగాల్లో తేలింది. లేచి పదిహేను నిమిషాలు నడవండి. కదిలే కండరం ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండానే చక్కెరను లాక్కుంటుంది. ఈ లెక్కలు రెండు వారాలు రాస్తే డైట్ చార్టు కన్నా విలువైన కాగితం మీ చేతిలో ఉంటుంది.

ముందే ఎవరూ చెప్పకపోవడం వల్ల జనం హడలిపోయే సంగతి ఒకటుంది. మందులు మొదలుపెట్టిన కొద్ది రోజులకు చూపు మసకబారవచ్చు. రక్తంలో చక్కెర మారుతుంటే కంటి కటకంలో నీటి పాళ్ళు మారి చూపు అటూ ఇటూ అవుతుంది. “మందు పడలేదు” అని మానేయకండి. నెల, నెలన్నరలో కుదుటపడుతుంది, అప్పటిదాకా కొత్త కళ్ళద్దాలు చేయించుకోకండి. మసక తగ్గకపోయినా, హఠాత్తుగా చూపు పోయినా ఆగకుండా కంటి డాక్టరుకు చూపించుకోవాలి.

క్లోమం చేత ఎక్కువ ఇన్సులిన్ విడుదల చేయించే గ్లిమెపిరైడ్ వంటి మాత్ర ఉంటే మరో జాగ్రత్త కావాలి. శనివారం ఒక్కపొద్దు, రంజాన్ ఉపవాసం ఏదైనా సరే, మాత్ర వేసుకుని తిండి మానితే చక్కెర 70 కిందికి పడిపోవచ్చు. చెమటలు, చేతుల వణుకు, గుండెదడ కనిపిస్తే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగి, పావుగంటకు మళ్ళీ చూసుకోవాలి. ఉపవాసం ఉండదలిస్తే మోతాదు గురించి డాక్టరును ముందే అడగండి.

పిల్లల్లో గానీ, సన్నని యువకుల్లో గానీ కొద్ది వారాల్లోనే బరువు పడిపోయి, విపరీతమైన దాహం, వాంతులు, ఆయాసం వస్తే అది ఒంట్లో ఇన్సులిన్ తయారీయే దాదాపు ఆగిపోయే టైప్-1 మధుమేహం కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. వాళ్ళకు ఇన్సులిన్ ఒక్కరోజు మానినా ప్రాణం మీదికొస్తుంది. ఏ ఆకు పసరూ దానికి బదులు కాదు.

“స్వీట్లు తెగ తినేదానివిగా, అనుభవించు” లాంటి మాటలు ఇంట్లోవాళ్ళు దయచేసి మానుకోవాలి. వంశం, పొట్ట కొవ్వు, వయసు, కదలిక లేని పని అన్నీ కలిస్తే వచ్చిన జబ్బిది. దిగులుతో ఉన్న మనిషి మాత్రలూ మరుస్తాడు, నడకా మానేస్తాడు. రోగికొక్కడికే వేరే వంట చేసే ఇంట్లో పథ్యం ఎక్కువకాలం నిలవదు. అందరూ అదే తినండి.

టైప్-2 అని తేలిన మొదటి నెలలోనే మూడు పరీక్షలు అడిగి చేయించుకోండి: కంటి పాపను పెద్దది చేసే చుక్కలు వేసి చూసే రెటీనా పరీక్ష, మూత్రంలో ఆల్బుమిన్, పాదాల స్పర్శ. జబ్బు బయటపడే నాటికే కొందరి కంటిపొరలో మార్పులు మొదలై ఉంటాయి.

2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10.1 కోట్ల మంది, దాని అంచున ఉన్నవాళ్ళు మరో 13.6 కోట్ల మంది. మీకు వచ్చిందంటే మీ అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్ళకూ వచ్చే అవకాశం ఎక్కువ. ముప్పై దాటిన వాళ్ళెవరికైనా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో షుగర్ పరీక్ష ఉచితంగా చేస్తారు. ఈ వారమే ఫోన్ చేసి వాళ్ళను వెళ్ళమని చెప్పండి.