లాటరీలో ఉమ్మడి పందెము

పదిమంది స్నేహితులు తలకొక టిక్కెట్టు కొని, వచ్చిన బహుమానమును సమముగా పంచుకొనుటకు ఒప్పుకొన్నారనుకొందము. టిక్కెట్లపై సంఖ్యలు వేర్వేరుగా ఉన్నచో, గెలుపుకు గల సంభావ్యత పదిరెట్లగును. కాని ఒక్కొక్కని వంతు పదియవ భాగమే. కావున సగటు రాబడిలో మార్పు ఉండదు.

మరి టిక్కెట్లన్నియు కొనినచో? 1992 ఫిబ్రవరిలో అమెరికాలోని వర్జీనియా రాష్ట్ర లాటరీలో ఈ ప్రయత్నము జరిగినది. అందు 44 సంఖ్యలలో 6 ఎన్నుకొనవలెను. క్రమముతో నిమిత్తము లేదు గనుక 44×43×42×41×40×39 లబ్ధమును 720చే భాగించిన 70,59,052 సంయోగములు వచ్చును. టిక్కెట్టు వెల ఒక డాలరు. మునుపు గెలిచినవారు లేక సొమ్ము పోగుపడి, మొదటి బహుమానము సుమారు 2 కోట్ల 70 లక్షల డాలర్లయినది.

ఆస్ట్రేలియాకు చెందిన ఒక బృందము సుమారు 2,500 మంది పెట్టుబడితో అన్ని సంయోగములను కొనబూనినది. కాలము చాలక సుమారు 50 లక్షలే కొనగలిగినది. అనగా ఓటమికి నూటికి 29 పాళ్లు అవకాశము మిగిలినది. గెలిచిన టిక్కెట్టు వారి వద్దనే ఉండెను. కాని మరియొకరు అవే సంఖ్యలు ఎన్నుకొనియుండినచో సొమ్ము సగమయ్యెడిది.

అట్టి సందర్భములు అరుదు. సాధారణముగా బహుమానముల మొత్తము టిక్కెట్ల మొత్తపు వెల కంటె తక్కువ. ఎందరు కూడినను ఆ లోటు తీరదు. నష్టమును పంచుకొనవచ్చును గాని తొలగింపజాలరు. ఉమ్మడిగా ఆడువారు టిక్కెట్ల సంఖ్యలను, ఎవరి వంతు ఎంతయో ముందుగానే వ్రాసి, అందరును సంతకము చేయుట మేలు. గెలిచిన పిమ్మట లెక్క కంటె తగవే పెద్దది కావచ్చును.